ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుమల, శ్రీశైలం, అరకు, లంబసింగి, మారేడుమిల్లి. మన వాళ్లు సొంత బండిలో కొండెక్కేది ఎక్కువగా ఈ దారుల్లోనే. ఊళ్లో, హైవే మీద బాగానే నడుపుతూ ఘాట్ రోడ్డుకు మాత్రం కొత్తయినవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇచ్చాం. వీటిలో సగం దిగుడు గురించే ఉంటాయి. ఎందుకో మొదటి ప్రశ్నలోనే తెలుస్తుంది.

ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా?

ఎక్కేటప్పుడు భయం ఎక్కువ, దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే మామూలుగా ఇంజిన్ ఆగిపోతుంది, వెనకవాళ్లు హారన్ కొడతారు, అంతే. దిగేటప్పుడు చేసిన తప్పు వెంటనే బయటపడదు. ఏడెనిమిది కిలోమీటర్లు దిగాక, బ్రేకులు బాగా కాగిన తర్వాత బయటపడుతుంది.

లెక్క చూడండి. మనుషులతో, సామానుతో కలిపి 1,500 కిలోలున్న కారు తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. ఆ ఎత్తులో దాగిన శక్తంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. ఆ వేడితో 35 లీటర్ల చన్నీళ్లు మరిగించవచ్చు. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలిన దాన్ని ఇంజిన్ మోయాలి, లేదంటే అరచేతి వెడల్పు కూడా లేని బ్రేక్ ప్యాడ్లు మోయాలి. ఎవరు మోయాలో మీరు ఏ గేరు వేశారన్న దాన్నిబట్టి తేలుతుంది.

దిగేటప్పుడు ఏ గేరు వేయాలి?

పాత డ్రైవర్లు చెప్పే లెక్క ఇప్పటికీ సరైనదే: ఆ వాలును ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు. చాలా ఘాట్ రోడ్లలో అది రెండో గేరు, తిన్నగా ఉన్నచోట మూడో గేరు, నిటారు మలుపుల్లో ఒకటో గేరు.

గేరు సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి, బ్రేకు కూడా ముట్టుకోకండి. బండి వేగం నిలకడగా ఉంటే గేరు సరైనది. వేగం పెరుగుతూ పోతుంటే ఇంకో గేరు తగ్గించాలి. ఇంజిన్ గట్టిగా అరుస్తుందని కంగారు పడొద్దు. టాకోమీటరులో ముల్లు ఎర్ర గీత దాటనంతవరకు 3,000, 4,000 తిరుగుళ్లు దానికి బరువేమీ కాదు.

గేరు తగ్గించేది వాలు మొదలవకముందే. వాలులో వేగం పట్టాక రెండో గేరు కోసం క్లచ్ నొక్కారనుకోండి, నొక్కిన ఆ క్షణం ఇంజిన్ పట్టు పోతుంది, బండి ఇంకాస్త దూకుతుంది, గేరు పడనని మొరాయిస్తుంది. అలాంటప్పుడు ముందు బ్రేకుతో వేగం తగ్గించి, ఆ తర్వాతే గేరు మార్చాలి.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుంది కదా?

మిగలదు. కార్బురేటర్ బండ్ల కాలం నాటి నమ్మకం ఇది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతుంది. అంటే డబ్బూ మిగలదు, ఇంజిన్ పట్టూ ఉండదు. ఇక తాళం తిప్పి ఇంజిన్ ఆపేసి కొండ దిగేవాళ్లకు పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాక్ కూడా పడవచ్చు.

మాది ఆటోమేటిక్. గేర్ల సంగతి మాకెందుకు?

మీకే ఎక్కువ అవసరం. డి లో పెట్టి వదిలేస్తే చాలా బండ్లు వేగం పెరిగేకొద్దీ పై గేరుకు వెళ్లిపోతాయి, దిగుడులో కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఏఎంటీలో (మామూలు గేరుబాక్సునే కంప్యూటరు మార్చే రకం) లీవరును మాన్యువల్ వైపు తోసి, మైనస్ వైపు లాగి 2 కు తెచ్చుకోండి. సీవీటీలో (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం) ఎల్, ఎస్, బి అనే అక్షరాల్లో మీ బండికి ఏది ఉంటే అది. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్‌తో శక్తిని అందించే) రకంలో 2 లేదా ఎల్, లేదంటే స్టీరింగ్ వెనక ప్యాడిల్. ఇంటి దగ్గర ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఒకసారి వేసి చూసుకోండి. అలిపిరి దాటాక మాన్యువల్ పుస్తకం తెరిచే పరిస్థితి రాకూడదు.

బ్రేకు అసలు తొక్కకూడదా?

తొక్కాలి, కానీ రాసుకుంటూ ఉండకూడదు. పెడలు మీద కాలు ఆనించి పది నిమిషాలు దిగితే ప్యాడ్లకు ఊపిరి పీల్చే సమయం దొరకదు. సరైన గేరులో దిగుతూ, వేగం మీరు అనుకున్నదానికంటే ఐదారు కిలోమీటర్లు పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి, అనుకున్నదానికి ఐదారు తక్కువకు తెచ్చి, పూర్తిగా వదిలేయండి. రెండు తొక్కుల మధ్య గాలి తగిలి డిస్కులు చల్లబడతాయి.

బస్సులు, లారీల సంగతి వేరు. గాలి బ్రేకుల్లో పదేపదే తొక్కి వదిలితే ట్యాంకులో గాలి పీడనం పడిపోతుంది, అందుకే వాళ్లు గేరు మీద, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఏర్పాటు) మీద ఆధారపడతారు. మీ ముందున్న లారీ నత్తనడకన దిగుతుందంటే డ్రైవరు చేతకాక కాదు, పని తెలిసి.

మాడిన వాసన వస్తోంది. ఆపాలా, నెమ్మదిగా వెళ్లిపోవచ్చా?

ఆపాలి. మలుపులో కాదు, వెడల్పు ఉన్నచోట. కనీసం అరగంట. చక్రాల మీద నీళ్లు పోయొద్దు, ఎర్రగా కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోతుంది, పగలొచ్చు కూడా. వెనక చక్రాలు బాగా కాగి ఉంటే హ్యాండ్ బ్రేకు బిగించే బదులు బండిని గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టడం మేలు.

ఇంతకీ లోపల ఏం జరుగుతోంది? రెండు రకాలు. పెడలు గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు పట్టు కోల్పోయాయని అర్థం. పెడలు మెత్తగా స్పాంజిలా లోపలికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి లైన్లో ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. రెండోది ఎక్కువ ప్రమాదం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టాక ఆ హద్దు 140 దగ్గరికి పడిపోతుంది. డాట్ 4 లో ఈ అంకెలు 230, 155. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. ‘లెవెల్ బాగానే ఉంది కదా’ అని మెకానిక్ అంటే సరిపోదు, ఎప్పుడు మార్చారో అడగండి.

బ్రేకు పూర్తిగా పోతే?

ఈ వరుసలో చేయండి.

1. పెడలును గబగబా నాలుగైదుసార్లు పంపు కొట్టినట్టు తొక్కండి. మెత్తబడిన పెడలైతే కొంత పట్టు తిరిగి రావచ్చు.
2. అదే సమయంలో ఒక్కో గేరు తగ్గించుకుంటూ రండి. మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి. నాలుగు నుంచి ఒకేసారి ఒకటికి వెళ్లబోతే గేరు పడకపోవచ్చు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది.
3. హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. స్విచ్ రకం బ్రేకైతే లాగి అలాగే పట్టుకోండి, చాలా బండ్లలో కంప్యూటరే మెల్లగా ఆపుతుంది.
4. హారన్ ఆపకుండా కొట్టండి, లైట్లు వేయండి.
5. ఇంకా ఆగకపోతే కొండవైపు కాలువలోకి, మట్టిగట్టుకో పొదలకో ఏటవాలుగా రాసుకుంటూ వెళ్లేలా తిప్పండి. బండి పాడవుతుంది, పాడవనివ్వండి. లోయవైపు పిట్టగోడను నమ్ముకోవద్దు.

ఇంజిన్ మాత్రం ఆపొద్దు. అప్పటికి మీకు మిగిలిన బ్రేకు అదే.

ఇరుకు దారిలో ఎదురుబండి వస్తే ఎవరు ఆగాలి?

దిగేవాళ్లు. ఇది మర్యాద మాత్రమే కాదు, రోడ్డు నియమాల్లోనే రాసి ఉంది: కొండదారిలో రెండు బండ్లు తప్పుకునే వెడల్పు లేనప్పుడు దిగే బండి పక్కకు ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్లీ కదలడానికి హాఫ్ క్లచ్‌తో తంటాలు పడాలి, బరువున్న లారీ అయితే వెనక్కి జారే ప్రమాదమూ ఉంది. దిగేవాడికి బ్రేకు వదిలితే చాలు.

అయితే బుర్ర కూడా వాడాలి. దిగేది బస్సు, ఎక్కేది మీ కారు, మీ వెనక పది మీటర్లలో వెడల్పు జాగా ఉంది అంటే, నియమం మీ పక్షాన ఉన్నా మీరే వెనక్కి వెళ్లడం సుఖం. దిగే బస్సు వెనక అప్పటికే మరో నాలుగు బండ్లు నిలిచి ఉంటాయి. దారిచ్చిన వాళ్లకు చెయ్యెత్తడం మరవొద్దు, ఖర్చేమీ లేదు.

హెయిర్‌పిన్ మలుపు ఎలా తీసుకోవాలి?

మన రోడ్ల ప్రమాణాల్లో హెయిర్‌పిన్ మలుపుకు (జడపిన్నులా వచ్చిన వైపుకే మెలితిరిగే మలుపు) వేసుకునే కనీస వేగం గంటకు 20 కిలోమీటర్లు, లోపలి వంపు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు. అంటే ఆ మలుపు గీసిన ఇంజినీరే 20 మీద లెక్కేసుకున్నాడు. 40 లో వెళ్లి టైర్లను తప్పుబట్టి లాభం లేదు.

మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి కుడి మలుపులో మీరు బయటి అంచున ఉంటారు. అది వెడల్పుగా, తేలిగ్గా ఉంటుంది. ఎడమ మలుపు అసలు పరీక్ష. లోపలి అంచున వాలు ఎక్కువ, వంపు బిగువు. తొందరపడి ముందే తిప్పితే ముందు చక్రం బాగానే పోతుంది, వెనక చక్రం మాత్రం లోపలికి కోసుకుంటూ వెళ్లి కాలువలో పడుతుంది. మధ్య గీతకు దగ్గరగా, దాటకుండా వెళ్లి, కాస్త ఆలస్యంగా తిప్పండి. గేరు, బ్రేకు పనులన్నీ మలుపుకు ముందే తిన్నటి రోడ్డు మీద ముగించాలి. మలుపులో స్టీరింగ్ ఒక్కటే పని.

పెద్ద బస్సుకు ఆ మలుపు మొత్తం కావాలి. మూతి అవతలి అంచుదాకా వస్తుంది, తోక లోపలి అంచును ఊడుస్తుంది. పైన బస్సు కనిపిస్తే మలుపుకు 15, 20 మీటర్ల ముందే ఆగండి. మలుపులోకి దూరి ఆగితే బస్సు ముందుకూ రాదు, మీరు వెనక్కూ పోలేరు. ఘాట్ రోడ్ల మీద గంటల తరబడి నిలిచిపోయే ట్రాఫిక్ తరచూ ఇలాంటి ఒక్క కారుతోనే మొదలవుతుంది.

మలుపుల్లో పెట్టే గుండ్రటి అద్దాలు ఉపయోగమే. కాకపోతే ఉబ్బెత్తు అద్దంలో బండి చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. దానిలో ‘దూరంగా ఉందిలే’ అనిపిస్తే దగ్గరే ఉందనుకోండి.

హారన్, లైట్లు, ఇండికేటర్ల సంగతి?

పగలు, అవతలివైపు కనిపించని ప్రతి మలుపు ముందూ ఒక హారన్. ఒకటి కొట్టి, జవాబు వస్తుందేమో వినండి, అందుకు కిటికీ కాస్త దించి పాటల శబ్దం తగ్గించాలి. ఆపకుండా మోగిస్తే ఎదుటివాడి హారన్ మీకే వినపడదు. రాత్రి డిప్పర్ చాలు. ఎదురుబండి కనబడగానే హై బీమ్ దించండి. లోయ అంచున కళ్లు బైర్లు కమ్మినవాడు అటు ఏమవుతాడోగానీ, మధ్యకు వచ్చి మిమ్మల్ని కొట్టడమూ జరుగుతుంది.

ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే ‘వెళ్లు’ అని ఒక డ్రైవరు, ‘రావద్దు’ అని ఇంకో డ్రైవరు. ఇద్దరూ నమ్మకంగానే వేస్తారు. అందుకే ఆ దీపాన్ని చూసి ఓవర్‌టేక్ చేయొద్దు. మీ కళ్లకు ఖాళీ రోడ్డు కనిపిస్తేనే వెళ్లండి. మీరే నెమ్మదిగా వెళ్తుంటే, వెనక మూడు బండ్లు చేరగానే వెడల్పు జాగాలో ఎడమకు ఆగి వాళ్లను పోనివ్వండి. ఊరికే తరుముతున్నట్టు ఉండదు, మీ చూపు అద్దం మీంచి రోడ్డు మీదికి వస్తుంది.

ఎక్కుడులో ఆగిపోతే వెనక్కి జారకుండా కదిలేదెలా?

హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. ఒకటో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి, బానెట్ ఒక్క వేలెడు పైకి లేచినట్టు అనిపించే చోట కాలు ఆపండి. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించండి. హిల్ హోల్డ్ (వాలులో బ్రేకు వదిలాక కూడా బండిని కాసేపు జారకుండా పట్టే ఏర్పాటు) ఉన్న కార్లు రెండు మూడు క్షణాలు మాత్రమే పట్టుకుంటాయి, అది కాలయాపనకు కాదు. ట్రాఫిక్‌లో క్లచ్ మీదే బండిని నిలబెట్టి ఉంచేవాళ్లు చాలామంది. పది నిమిషాల్లో క్లచ్ ప్లేట్ కాలిన వాసన వచ్చేది అందుకే.

ముందు బండికి కనీసం ఒక కారు పొడవు దూరంలో ఆగండి. వాళ్లకు ఇంకా ఈ విద్య రాకపోవచ్చు.

ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతోంది.

ఏసీ ఆపండి, హీటరు పూర్తిగా పెట్టి ఫ్యాన్ వేయండి, కిటికీలు దించండి. ఉక్కపోస్తుంది, కానీ హీటరు కూడా చిన్న రేడియేటరే. తగ్గకపోతే పక్కన ఆపి బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత మాత్రం పూర్తిగా చల్లారేదాకా తిప్పొద్దు, పీడనంలో ఉన్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

తిరుమల ఘాట్‌లో ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినవి?

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది. 1974లో రెండోది వచ్చాక పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి అయింది. రెండూ ఒకవైపు దారులే కాబట్టి ఎదురుబండి బాధ లేదు. ఆ ధైర్యంతోనే మలుపుల్లో ఓవర్‌టేక్ చేస్తారు, ఇక్కడి చిక్కు అది. 36 హెయిర్‌పిన్ మలుపులున్నది పాత దారిలో, అంటే మీరు దిగే దారిలో.

ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్నది దేవస్థానం నియమం. సుమారు 19 కిలోమీటర్లు 40 నిమిషాల్లో అంటే సగటున గంటకు 28, 29. రెండో గేరులో హాయిగా దిగే వేగమే. గబగబా దిగి, చివర్లో సమయం కోసం రోడ్డు పక్కన ఆగేవాళ్లు నియమాన్ని సగమే పాటిస్తున్నట్టు. రాత్రివేళ రోడ్డు మూసే గంటలు, ద్విచక్ర వాహనాల వేళలు చిరుతల సంచారాన్నిబట్టి మారుతుంటాయి, బయల్దేరే రోజే కనుక్కోండి.

వానల్లో రాళ్లు జారిపడతాయి. 2021 డిసెంబరు మొదట్లో బండరాళ్లు పడి ఎక్కే దారి దెబ్బతిని మూసేయాల్సి వచ్చింది. గట్టి వాన తర్వాత రోడ్డు మీద చిన్న చిన్న గులకలు, ఎర్రమట్టి కొత్తగా కనిపిస్తే, పెద్దవి పైన కదులుతున్నాయనుకుని అక్కడ ఆగకుండా దాటేయండి.

శ్రీశైలానికి రాత్రి వెళ్లవచ్చా?

నల్లమల పులుల అభయారణ్యం గుండా వెళ్లే దారి కాబట్టి మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టుల దగ్గర మామూలుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. 8:50 కి గేటు పట్టుకోవాలని తరిమేవాళ్లే ఆ దారిలో అసలు ప్రమాదం. హైదరాబాద్ వైపు నుంచి వస్తే అడవిలో చాలాదూరం సాఫీగా ఉండి, ఈగలపెంట దాటాక ఒక్కసారిగా కృష్ణ దాకా దిగుడు, వంతెన దాటగానే ఎక్కుడు. అప్పటిదాకా హైవే వేగానికి అలవాటుపడిన కాలును అక్కడ మార్చుకోవాలి.

కోతులకు అరటిపండ్లు విసరొద్దు. అవి బండ్ల కోసం రోడ్డు మధ్యలో కూర్చోవడం నేర్చుకుంటాయి, తర్వాత వచ్చే బైకు వాటిని తప్పించబోయి పడుతుంది.

అరకు, లంబసింగి పొగమంచులో?

లో బీమ్, ఫాగ్ ల్యాంపులు. హై బీమ్ వేస్తే మంచు తెర మీద మీ వెలుగే తిరిగొచ్చి కళ్లలో పడుతుంది. నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేయొద్దు, మీరు ఆగి ఉన్నారని వెనకవాడు అనుకుంటాడు, ఎటు తిరుగుతున్నారో కూడా తెలియదు. ఎడమ అంచు తెల్లగీతను పట్టుకుని వెళ్లండి. ముందు అద్దం లోపలివైపు మసకబారితే ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పండి.

డిసెంబరు, జనవరిలో లంబసింగి సూర్యోదయం కోసం అర్ధరాత్రి బయల్దేరి తెల్లవారుజామున ఘాట్ ఎక్కుతారు. నిద్ర, చీకటి, మంచు మూడూ ఒకేచోట కలుస్తాయి. ముందురోజు సాయంత్రమే నర్సీపట్నంలోనో చింతపల్లిలోనో పడుకోవడం తెలివైన పని.

స్కూటర్ మీద ఘాట్ దిగొచ్చా?

దిగొచ్చు, ఒక సంగతి తెలుసుకుని. గేర్లులేని స్కూటర్‌లో వేగం బాగా తగ్గితే క్లచ్ తనంతట తానే విడిపోతుంది. అప్పుడది న్యూట్రల్‌లో ఉన్న బండితో సమానం. దిగుడులో బండి జారుతున్నట్టు అనిపిస్తే యాక్సిలరేటర్‌ను ఒక్క చిటికెడు తిప్పి క్లచ్ కలిసేలా చేసి వదలండి, ఇంజిన్ పట్టు తెలుస్తుంది. డ్రమ్ బ్రేకులు త్వరగా కాగుతాయి, రెండు బ్రేకులూ కలిపి వాడుతూ ప్రతి ఐదారు కిలోమీటర్లకు ఆగండి. ముగ్గురితో మాత్రం వద్దు.

ఎలక్ట్రిక్ కారు?

దిగుడుకు అంతకంటే మంచి బండి లేదు, మోటారే బ్రేకు వేస్తూ బ్యాటరీ నింపుతుంది. ఒక్క మెలిక: కొండ మీద నూరు శాతం ఛార్జి చేసుకుని దిగితే నింపడానికి చోటుండదు, మోటారు బ్రేకు పట్టదు. 80, 85 దగ్గర ఆపండి.

వాంతులయ్యేవాళ్లు ఉన్నారు.

ముందు సీటు, దూరపు రోడ్డు మీద చూపు, చేతిలో ఫోను లేకుండా. వాంతుల మాత్ర వేసుకుంటే నిద్ర వస్తుంది కాబట్టి డ్రైవరు వేసుకోకూడదు. కవర్లు దగ్గర ఉంచండి, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వొద్దు.

బయల్దేరే ముందు ఏం చూడాలి?

ప్యాడ్లు, లైనింగుల మందం. బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ. కూలెంట్. టైరు గాడి లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, వానాకాలం ఘాట్‌కు మాత్రం 3 ఉండాలనుకోండి. టైరు గాలి కంపెనీ చెప్పినంతే, నిండా జనం ఉంటే తలుపు దగ్గరి స్టిక్కరు మీద నిండు బరువుకు రాసినంత. స్టెప్నీలో కూడా గాలి చూడండి. పైన క్యారియర్ మీద బరువు తగ్గించండి, మలుపుల్లో బండి ఊగేది దానివల్లే.

ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి?

మలుపులో, వంతెన మీద, రాళ్లు జారే గట్టు కింద ఆపొద్దు. ఫొటో ఎంత బాగా వచ్చేదైనా సరే. ఎగువకు చూస్తూ ఆపితే ఒకటో గేరు, దిగువకు చూస్తూ ఆపితే రివర్స్ గేరు, హ్యాండ్ బ్రేకు, ముందు చక్రాలు కొండవైపు తిప్పి. చక్రానికి రాయి పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి కాలువ అవతల వేయండి. చాలామంది దాన్ని రోడ్డు మీదే వదిలి వెళ్తారు. చీకట్లో తర్వాత వచ్చే మోటారు సైకిలుకు ఆ ఒక్క రాయి చాలు.